అద్దం మూతకు ఇరవై నాలుగు బెజ్జాలు

జూన్ 8, 1964. కొత్తకోట

అద్దం వచ్చింది. హైదరాబాదు బస్సు మీద, గోనెసంచుల మధ్య పడుకోబెట్టి పంపారు. అద్దం అంటున్నాను గాని నిజానికి ప్లాస్టిక్కు. దాని పేరు అక్రిలిక్ అని డాక్టరమ్మ చెప్పింది. గాజులాగే అవతలి మనిషి ముఖం తేటగా కనిపిస్తుంది, బరువు మాత్రం సగం. గీతలు పడకుండా రెండు వైపులా గోధుమరంగు కాగితం అంటించారు. ఆయా గుర్వమ్మ దాన్ని వేలితో తట్టి, "దీనికి గింత ముద్దా! పెండ్లిపిల్ల లెక్క ముసుగేసిండ్రు" అంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం డాక్టరమ్మ ఒక చెక్కపెట్టె చేయించింది. లోపల వేడినీళ్ల సీసాలు, పైన ఈ అద్దం మూత. గాలి ఆడటానికి మూతకు ఇరవై నాలుగు బెజ్జాలు వేయాలి. బెజ్జం దగ్గర ఏ కొంచెం పగిలినా మూత పనికిరాదు, ఆ పగుళ్లలో మురికి చేరుతుంది. ఇంకో రేకు రావాలంటే నెల పడుతుంది.

పెట్టె చేసిన వడ్ల రఘుపతి ఈ పని తన వల్ల కాదన్నాడు. కొమ్ము దువ్వెనలు చేసే అబ్దుల్ హమీద్ సాబ్‌ను పిలవమని నేనే చెప్పాను. నా మాట డాక్టరమ్మ విన్నది. మెట్రిక్ చదివి ఈ దవాఖానలో పనికి చేరి ఏడాదైంది. ఒక సంగతిలో నా మాట నిలబడటం ఇదే మొదటిసారి.

జూన్ 10

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా హమీద్ సాబ్ కొట్లోనే ఉన్నాను. దగ్గరుండి చూడమని డాక్టరమ్మ పంపింది. కొట్టంతా కొమ్ము రాకిన వాసన. కాలిన వెంట్రుకల లాంటి వాసన. ఆయన ఇప్పుడు దువ్వెనలు చేయడం తక్కువ, కళ్లజోళ్లు బాగుచేస్తాడు.

"గీ ప్లాస్టికే నా దువ్వెనల నోట్లె మన్ను గొట్టింది బిడ్డా. ఇయ్యాల చూడు, నా ముందటికే వచ్చి పండుకున్నది" అని నవ్వాడు.

కాగితం తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ముసుగు తియ్యకు. కాగితం మీదనే గుర్తులు పెట్టు."

నేను పెన్సిలుతో ఇరవై నాలుగు చుక్కలు పెట్టాను. ఆయన కింద చదునైన వేపచెక్క వేసి, రేకును దాని మీద కదలకుండా బిగించాడు. బెజ్జాలు వేసే బర్మా మొనను సాన మీద పెట్టి పదును పోగొట్టాడు. పదును పెట్టడం చూశాను గాని పోగొట్టడం ఎక్కడా చూడలేదు.

"పదునుంటె కొరుకుతది. కొరికితె పగుల్తది. గీకుకుంట పోవాలె" అన్నాడు.

ముందు రేకుతో పాటు వచ్చిన చిన్న ముక్క మీద రెండు బెజ్జాలు వేసి చూపించాడు. బర్మాను తిప్పడానికి ఆయనకు ఒక కర్ర విల్లు ఉంది. దాని తాడు బర్మాకు చుట్టి ముందుకూ వెనక్కీ నిదానంగా లాగుతాడు. పది లాగులకోసారి బర్మా పైకి తీసి పొట్టు ఊది, సబ్బునీటి చుక్క వేస్తాడు. పొట్టు పిండిలా రావాలట. కరిగి ముద్దలా వస్తే వేడెక్కినట్టు. అడుగుకు చేరుతున్నప్పుడు దాదాపు నొక్కడు, ఊపిరి కూడా బిగబట్టుకుంటాడు. ముందు సన్న బర్మా, తర్వాత లావుది. ఒక్కో బెజ్జానికి రెండుసార్లు.

మధ్యలో ఆయన భార్య ఇక్బాల్ బీ చాయ్ తెచ్చింది. "గీ మనిషి నాతోటి గింత మెల్లగ ఎన్నడన్న మాట్లాడిండా, అడుగు" అంది. ఆయన బెజ్జం మీది నుంచి కళ్లు తీయకుండా, "నువ్వు పగిలేటి దానివి గాదు" అన్నాడు. ముగ్గురం నవ్వాం.

ఇరవై నాలుగూ అయ్యాక కాగితం తీసి వెలుతురుకు పట్టాం. ఎక్కడా వెంట్రుకంత గీత లేదు. రెండు బెజ్జాల ముక్క నాకిచ్చి, "యాదికి ఉంచుకో" అన్నాడు.

సాయంత్రం డాక్టరమ్మ చెప్పినట్టే సబ్బునీళ్లతో కడిగాను. ఆరాక ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా కొమ్ము వాసన వస్తున్నట్టు అనిపించింది. హాస్టల్లో నా పక్కన కూర్చున్న పిల్లలు నా దగ్గర గొర్రెల వాసన అని ముక్కు మూసుకునేవాళ్లు. పసిపిల్లలు పడుకునే పెట్టె కదా అని స్పిరిట్ దూదితో రెండుసార్లు తుడిచాను, ప్రతి బెజ్జం లోపలా. మంచి పని చేశాననిపించింది.

జూన్ 11

మూత పగిలింది.

పగిలిందంటే విరగలేదు. ఇరవై నాలుగు బెజ్జాల చుట్టూ సన్నని గీతలు, పొద్దుతిరుగుడు పువ్వు రెక్కల్లా. రాత్రికి రాత్రే వచ్చాయి.

హమీద్ సాబ్‌ను పిలిపించారు. ఆయన గోటితో ఒక్కో బెజ్జం తడిమాడు.

"నిన్న లేకుండె అమ్మా."

"నిన్న పైకి కనిపించలేదు, అంతే. లోపల ఎక్కడో దెబ్బ తగిలి ఉంటుంది" అంది డాక్టరమ్మ.

"ఒక్క దాని కాడనంటె నా చెయ్యి తప్పిందనుకుంట. ఇరవై నాలుగిటి కాడనా?"

"అన్నీ వేసింది ఒకే చెయ్యి కదా, సాబ్."

డాక్టరమ్మ నా వైపు తిరిగి, "నువ్వేం చేశావు దీన్ని?" అని అడిగింది.

"సబ్బునీళ్లతో కడిగానమ్మా" అన్నాను.

జూన్ 12

సబ్బునీళ్లతో కడిగానన్నాను. కడిగాను. అది అబద్ధం కాదు.

జూన్ 14

హైదరాబాదులో నర్సు శిక్షణకు దరఖాస్తు ఫారం వచ్చింది. డాక్టరమ్మ ఉత్తరం జతచేసి జూలై ఇరవైలోపు పంపాలి. "నీ గుణం గురించి, పని గురించి నేనే రాయాలి" అంది. రెండో రేకుకు కూడా ఈ రోజే హైదరాబాదుకు ఉత్తరం వేసింది. "ఈసారి అక్కడి వర్క్‌షాపులోనే బెజ్జాలు వేయించమంటే సరిపోయేది. అలవాటు కొద్దీ ఇక్కడికే పంపమని రాశాను" అని నొచ్చుకుంది.

స్పిరిట్ అంటే మందు. సూదులు తుడుస్తాం, కత్తెరలు తుడుస్తాం, పుండు చుట్టూ తుడుస్తాం. దేన్నీ పాడుచేయదు.

జూన్ 17

స్పిరిట్‌కు ఏ సంబంధమూ లేదని తేల్చుకుంటే నిద్ర పడుతుందనుకున్నాను. హమీద్ సాబ్ ఇచ్చిన ముక్క తీశాను. ఒక బెజ్జాన్ని స్పిరిట్‌తో తుడిచాను. రెండోదాన్ని సబ్బునీళ్లతో కడిగాను. పొద్దున పదకొండింటికి కిటికీలో పెట్టి వార్డులోకి వెళ్లాను.

భోజనానికి వచ్చి చూస్తే స్పిరిట్ బెజ్జం చుట్టూ గీతలు. సబ్బునీళ్ల బెజ్జం ఆయన వేసింది వేసినట్టే ఉంది.

ముక్కను నా ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టాను.

జూన్ 18

ఈ రోజు చెబుదామనుకున్నాను. డాక్టరమ్మకు పొద్దున్నుంచి ఆపరేషన్లే.

జూన్ 19

రేపు.

జూన్ 20

డాక్టరమ్మ మంచి ఖుషీలో ఉంది, కాన్పుల రిజిస్టరు నేను బాగా రాస్తున్నానని మెచ్చుకుంది. ఆ సమయంలో ఎలా చెబుతాను?

జూన్ 24

ఇక్బాల్ బీ దగ్గు మందు కోసం వచ్చింది. సీసా నింపుతూ, హమీద్ చాచా ఎలా ఉన్నాడని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఏం జెప్పాలె బిడ్డా. బర్మా ముడ్తలేడు. కండ్లద్దాలు తెస్తె వాపసు పంపుతుండు. చేతులు వణుకుతున్నయ్ అంటడు. నాకైతె వణుకుడు అవుపడ్తలేదు. పొద్దంత రెండు చేతులు గిట్ల ముందట పెట్టుకుని చూస్కుంట కూసుంటడు."

ఆమె చేతులు చాపి చూపింది. మందు సీసా బయట కాస్త ఒలికింది. తుడిచి ఇచ్చాను.

"నీ పేరే తీస్తుంటడు. గా పోరి నా మీద నమ్మకం పెట్టి పిలిస్తె, గామె మాట పోగొట్టిన అని."

జూన్ 25

డాక్టరమ్మ ఉత్తరం చేతికి వచ్చాక చెప్పవచ్చు. అప్పుడు చెప్పినా చెప్పినట్టే. నెల అటూ ఇటూ అయితే చాచాకు పోయేదేముంది?

జూన్ 28

బాపు వచ్చాడు. ఆత్మకూర్ దగ్గరి మా ఊరి నుంచి గొర్రెలను సంతకు తోలుకొచ్చి, అవి అమ్ముడయ్యాక నన్ను చూడటానికి వచ్చాడు. సజ్జరొట్టెలు తెచ్చాడు. దవాఖానలోకి రాకుండా గేటు బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎంత చెప్పినా అంతే.

"హైదరాబాద్ పోతవంట గద. డాక్టరమ్మ చిట్టీ రాస్తదంట గద. మీ అమ్మ ఊరంత జెప్పింది. కుక్కలకు గూడ జెప్పింది."

రొట్టె తింటుంటే ఆయనే అన్నాడు: "గా దువ్వెనల సాబు కాడికి పోయిన. కత్తి పిడికి తాడు కోసం జర బెజ్జం గొట్టు అన్న. కొట్ట అన్నడు. నా చేతులు పోయినయ్ జానయ్యా అన్నడు. మంచిగనే ఉన్నడు మనిషి, ఏమైందో ఏమో."

బాపుకు చెప్పాలనిపించింది. నోటి దాకా వచ్చింది. అప్పుడే ఆయన నా ఒళ్లో ఈ పుస్తకం చూసి, "ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు.

"పాఠం" అన్నాను.

ఆయన చెయ్యి పంచెకు తుడుచుకుని అక్షరాల మీద వేలు పెట్టి, చదివినట్టుగా చివరి దాకా జరిపాడు. అది జూన్ 17 పుట.

జూలై 2

ఏడో నెల కాన్పు. ఆడపిల్ల, నా రెండు అరచేతుల్లో పట్టింది. పెట్టె ఉంది, మూత లేదు. దూదిలో చుట్టి, వేడినీళ్ల సీసాలు మార్చుతూ పొద్దంతా దగ్గరే ఉన్నాం. "మూత ఉండి ఉంటే ఇంత ఆరాటం లేకపోయేది" అంది డాక్టరమ్మ. ఆమె నన్ను ఉద్దేశించి అనలేదు.

జూలై 4

పాప బతికింది. పాలు చుక్క చుక్క మింగుతున్నది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు కదా.

జూలై 8

రెండో రేకు వచ్చింది. ఈసారి ఎవరితో వేయించాలని డాక్టరమ్మ చాలాసేపు ఆలోచించింది. తిరిగి హైదరాబాదు పంపితే మళ్లీ రెండు వారాలు. ఆ పాపకు ఇప్పుడు కావాలి. చివరికి, "పిలవండి హమీద్ సాబ్‌నే. ఈసారి ఇక్కడే, నా కళ్ల ముందు వేయాలి" అంది.

ఆయన వచ్చాడు. రేకును చూశాడు, ముట్టుకోలేదు. వరండాలో అందరి ముందూ రెండు చేతులూ చాపాడు.

"గీ చేతులు పోయినయ్ అమ్మా. నలభై ఏండ్లు జేసినయ్, ఇగ చాలు. ఇంకొకల్లను చూస్కోండ్రి."

"చేతులు యాడికి పోయినయ్ సాబు? గక్కడనే ఉన్నయ్ గద!" అంది గుర్వమ్మ. కూర్చున్న రోగులు నవ్వారు. ఆయన కూడా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. తిరిగి వెళ్లిపోయాడు.

నేను గదిలోకి పరుగెత్తి, ట్రంకుపెట్టెలోంచి ముక్క తీసుకుని రోడ్డు మీద ఆయనను కలిశాను. కర్నూలు బస్సు పోయి దుమ్ము లేచింది. అది అణిగే దాకా ఇద్దరం కళ్లు మూసుకుని నిలబడ్డాం.

"చాచా, మీ చేతులు పోలే. తప్పు నాది."

ముక్క చేతిలో పెట్టాను. "గీ బెజ్జం సబ్బునీళ్లతోటి కడిగిన. గీదాన్ని స్పిరిట్‌తోటి తుడిచిన. మూతను గూడ గట్లనే తుడిచిన."

ఆయన ముక్కను ఎండకు పట్టి చూశాడు. ఒక బెజ్జం మీద గోరు పెట్టాడు, తర్వాత రెండోదాని మీద. మళ్లీ మొదటిదాని మీద.

"స్పిరిటు ఎందుకు రాసినవ్ బిడ్డా?"

"శుభ్రంగుంటదని."

ఆయన ముఖం నేను ఎప్పటికీ మరిచిపోను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ముక్క జేబులో పెట్టుకుని, చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వేళ్లు ముడిచాడు, చాపాడు. "నా చేతులున్నయ్" అన్నాడు. రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తుండగా రెండుసార్లు అన్నాడు. తర్వాత అడిగాడు:

"ఎప్పుడెరుకైంది నీకు?"

"నిన్న" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. తెలుసు. కొట్టు దాకా నన్ను తనతో తీసుకుపోయాడు. "సునా, ఇన్నవా? స్పిరిటంట! గీ పోరి నిన్న చూసిందంట, ఇయ్యాల ఉరికొచ్చి చెప్పింది!" అని ఇక్బాల్ బీకి చెప్పాడు. ఆమె నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

"మరి గా విల్లు?" అంది.

జిట్రేగి కర్ర విల్లు. వాళ్ల నాయిన చేసిందట, చేతి చెమటకు నల్లగా నునుపు తేలింది. మొన్న శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చి ఆయన దాన్ని విరిచి పొయ్యిలో పెట్టాడు.

"కండ్ల ముందటుంటె మనసు ఊకుంటలేదు బిడ్డా, అందుకే" అని నాకు చెప్పాడు, తనే తప్పు చేసినట్టు. ఇక్బాల్ బీ ఏడుస్తుంటే, "ఊకో. బిడ్డకు నిన్ననే గద తెల్సింది. గామె ఏం జేస్తది?" అన్నాడు.

మొన్న జుమ్మా అంటే జూలై మూడు.

జూలై 9

పొద్దున్నే హమీద్ సాబ్ తనే వచ్చి డాక్టరమ్మకు చెప్పాడు. నేను చెప్పే పని కూడా నాకు మిగల్చలేదు. డాక్టరమ్మ నన్ను పిలిచింది.

"సబ్బునీళ్లు చాలన్నాను కదా సోమమ్మా?"

"అవునమ్మా."

"ఆ రోజు అడిగితే స్పిరిట్ సంగతి ఎందుకు చెప్పలేదు?"

"దానివల్లనే అని అప్పుడు తెలియదమ్మా."

అది నిజం. నిజమైన మాటలు ఎంచి ఎంచి చెప్పడం నాకు బాగా వచ్చేసింది.

ఆమె కాసేపు కోప్పడింది. తర్వాత హమీద్ సాబ్‌ను క్షమించమని అడిగింది, అందరి ముందూ, వరండాలోనే. మధ్యాహ్నం ఉత్తరం రాసి నాకే ఇచ్చి చదువుకోమంది. "తన పొరపాటు తెలిసిన మర్నాడే, ఎవరూ అడగకుండానే ఒప్పుకున్న పిల్ల. రోగి ప్రాణాన్ని ఇలాంటి మనిషి చేతుల్లో పెట్టవచ్చు" అని రాసింది.

జూలై 11

జూన్ 17 పుట చింపుదామని పట్టుకున్నాను. చింపితే ఇంకొన్నాళ్లకు నిన్ననే తెలిసిందని నేనే నమ్ముతానేమో. వదిలేశాను.

జూలై 13

ఈ రోజు మూత అయింది.

హమీద్ సాబ్ వరండాలో కూర్చుని వేశాడు. కొత్త విల్లు వెదురుది, చేసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. తాడు మాటిమాటికీ జారుతున్నది. "వెదురు బిగి పట్టదు. అలవాటు గావాలె" అన్నాడు. మణికట్టు మధ్య మధ్య విదిలించుకుంటున్నాడు. రేకు అంచు పట్టుకుని నేను ఎదురుగా కూర్చున్నాను. గుర్తులు, సబ్బునీళ్లు, చెక్క, అన్నీ అప్పటిలాగే. ప్రతి బెజ్జానికి ఏదో ఒక మాట చెబుతూనే ఉన్నాడు. హైదరాబాదులో చార్మినార్ దగ్గర తన చెల్లెలు అజ్మత్ బీ ఉందట. ఆదివారాలు వాళ్లింటికి పోయి అన్నం తినాలట. "గామె బిడ్డల తోటి సమానంగ చూస్కుంటది, నేను కార్డు రాయిస్త" అన్నాడు.

పదిహేడు బెజ్జాలయ్యాయి. పద్దెనిమిదోదానికి తాడు మళ్లీ జారింది. తాడు చుట్టుకుంటూ, "మా నాయిన విల్లుంటె గీపాటికి అయిపోతుండె" అన్నాడు. నన్ను అనలేదు. ఊరికే అన్నాడు.

"చాచా, నాకు జూన్ పదిహేడు నాడే తెల్సింది."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "ఏంది?" అన్నాడు.

"స్పిరిట్ సంగతి. గా ముక్క మీద జూన్ పదిహేడునే చూసిన. నిన్న అని అబద్ధం జెప్పిన. డాక్టరమ్మ చిట్టీ కోసం చెప్పకుండ ఉన్న."

తాడు చుడుతున్న చేతులు ఆగాయి. ఆయన నన్ను చూడలేదు, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఒక చెయ్యి అయిపోయి రెండోది మొదలుపెట్టాడు.

"అంటె జుమ్మాకు ముందటనే."

"ముందటనే."

వార్డులో పాప ఏడుస్తున్నది. ఆ ఏడుపు ఆగే దాకా ఆయన అలాగే ఉన్నాడు. తర్వాత విల్లు తీసుకుని బర్మా మొన గుర్తు మీద నిలబెట్టాడు.

"రేకు పట్టుకో. కదిలితె పగుల్తది."

పట్టుకున్నాను. మిగిలిన ఏడు బెజ్జాలకూ ఒక్క మాట లేదు. లాగుడు చప్పుడు, ఊదుడు, సబ్బునీళ్ల చుక్క. ఆఖరుదాని అడుగు తగిలేటప్పుడు ఆయన ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టాడు, నేనూ బిగబట్టాను. కాగితం తీశాం. ఎక్కడా గీత లేదు. సబ్బునీళ్లతో ఆయనే కడిగాడు. నా చేతికి ఇవ్వలేదు.

సామాను సంచిలో సర్దుకుని లేచాక అన్నాడు:

"డాక్టరమ్మకు చెప్పకు. రాసిన చిట్టీ చింపుతది. మీ బాపు జానయ్య చెప్పులిడిసి గేటు కాడ నిలవడ్డది నేను చూసిన. పో, చదువుకో."

మెట్లు దిగి, తిరగకుండానే మళ్లీ అన్నాడు.

"నా కొట్టు దిక్కు మాత్రం రాకు."

సరే అన్నాను. రెండింటికీ సరే అన్నాను.